మా జోనంగికి జోడు దొరకట్లేదు. నిఖార్సైన మగది ఎక్కడైనా ఉందా?

కైకలూరు_కొంగ
మా ఇంట్లో మూడున్నరేళ్ల ఆడ జోనంగి ఉంది, మన కొల్లేటి వైపు నాటు కుక్కల జాతి. పేరు గవ్వ. మా మావయ్య బాతుల మంద అమ్మేసినప్పుడు ఆ మందతో తిరిగిన కుక్క పెట్టిన ఆఖరి ఈతలోది. లేత గోధుమ రంగు, ఒంటి మీద వెంట్రుక ఉందా లేదా అన్నంత నున్నగా ఉంటుంది. నుదుటి మీద లెక్క తెగని లెక్కల మాస్టారికి పడేలాంటి ముడతలు. మొరగదు. పాలబ్బాయి వచ్చినా కరెంటు బిల్లాయన వచ్చినా గొంతులోంచి ఒక రాగం తీస్తుంది, అంతే.

వచ్చే ఎదకి దీన్ని జత కట్టిద్దామని ఏడు నెలలుగా మగదాని కోసం తిరుగుతున్నా. కలిదిండి, మండవల్లి, ఆకివీడు, అవతల భీమడోలు దాకా వెళ్లొచ్చా. ప్రతివాడూ "అచ్చమైన జోనంగండీ" అంటాడు. తీరా చూస్తే ఒకదానికి తోకనిండా కుచ్చు, ఇంకోదానికి లాబ్రడార్ చెవులు. ఒకాయన ఫోన్‌లో ఫోటో పంపి ఐదు వేలు అడ్వాన్స్ అడిగాడు. ఆ ఫోటో నాలుగేళ్ల కిందట నేను ఇక్కడే పెట్టిన మా గవ్వ తల్లిది!

నిజంగా ఇంకా ఉన్నాయా, మా గవ్వే ఆఖరుదా?

డెల్టా_రాజు
ఆ ఐదు వేలు కట్టి ఉంటే మీ ఇంటికి మీ కుక్కే డెలివరీ అయ్యేది.

సందేహాల_సుబ్బు
తప్పుగా అనుకోకండి, తెలియక అడుగుతున్నా. ఊరకుక్కకీ దీనికీ తేడా ఏంటి? మా వీధిలో పొట్టి వెంట్రుకలవి పది తిరుగుతున్నాయి. నాలుగు ముడతలుంటే జాతి అయిపోతుందా?

నిఖార్సు_నాయుడు
అయిపోయింది. ఇలాంటి ప్రశ్నల వల్లే మన జాతులన్నీ పోయాయి. మంచుదేశపు హస్కీ కుక్కని మండుటెండలో విజయవాడ రోడ్ల మీద తిప్పేవాడిని ఎవడూ ఏమీ అడగడు.

బాతుల_బాబాయ్
నాయుడు గారూ, కోప్పడకండి. సుబ్బు గారు అడిగింది మంచి మాటే. చూపుకి తేడా కొంచెమే. పనిలో చూస్తే తెలుస్తుంది.

మాది కొల్లేటి లంక. మా నాన్నకి ఆరువందల బాతులుండేవి. సార్వా (వానాకాలం పంట) కోతలు కాగానే మంద తోలుకుని బయల్దేరేవాళ్లు. కోసిన చేలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు, అదే బాతులకి మేత. ఒక ఊరి చేలు అయ్యాక ఇంకో ఊరు. ఇద్దరు మనుషులు, రెండు గెడలు, ఒక కుక్క. ఆరువందల బాతుల్ని ఇద్దరు మనుషులు కాయలేరు, కుక్క కాసేది.

అది చేసే పని ఏంటంటే, గట్టు మీద పడుకుని ఉండేది. నిద్రపోతోందని మనం అనుకుంటాం. పది బాతులు కాలవ దాటబోతే లేచేది. సూటిగా వాటి మీదకి పరిగెత్తదు, పరిగెత్తితే చెదిరిపోతాయి కదా. చేను అవతలి గట్టు దాకా చుట్టు తిరిగి, పొట్ట నేలకి ఆనించినట్టు వంగి, కాలవ వైపు నుంచి వచ్చేది. బాతులు వాటంతట అవే వెనక్కి తిరిగేవి. పన్ను తగిలేది కాదు. సాయంత్రం వల చుట్టూ కట్టి బాతుల్ని లోపలికి తోలాక, తనకి తాను ఒక గొయ్యి తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకునేది. ఎండాకాలం చల్లన, మంచుకాలం వెచ్చన. తెల్లవారుజామున మేం గుడ్లు ఏరుతుంటే పక్కనే నడిచేది, ఒక్క గుడ్డు ముట్టేది కాదు. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి ముట్టిందట. మా నాన్న ఉడుకుడుకు గుడ్డు నోట్లో పెట్టాడట. ఇప్పుడైతే ఆ పని తప్పంటారు, నేనూ అంటాను.

ఆ తర్వాత చేలు చేపల చెరువులయ్యాయి. కోసిన చేను లేకపోతే మంద ఎక్కడ తిప్పుతాం? బాతులు అమ్ముకున్నారు. కుక్కల్ని ఎవరు కొంటారు, గట్ల మీద వదిలేశారు. అవి చేపలు పట్టుకు తినడం నేర్చుకున్నాయి. గోతులు తవ్వే అలవాటు ఎక్కడికి పోతుంది, చెరువు గట్లకే బొరియలు పెట్టాయి. గట్టుకి బొరియ పడితే నీళ్లు కారతాయి, గట్టు తెగితే ఏడాది పంట కాలవలో. చెరువులాయన ఊరుకుంటాడా? అన్నంలో మందు కలిపి పెట్టేవాళ్లు. మా కుక్క అలాగే పోయింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

సందేహాల_సుబ్బు
బాబాయ్ గారూ, ఇక నేను మాట్లాడను. చదువుతాను.

డెల్టా_రాజు
బాబాయ్ చెప్పిందానికి ఇంకో ముక్క. 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది, 2002లో రాంసార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో అక్రమ చెరువుల గట్లు పేల్చేశారు. అంతా పక్షుల కోసం, సరస్సు కోసం. మంచిదే. కొంగలకి, గూడబాతులకి అన్ని కాగితాలున్నాయి. అక్కడే పుట్టి పెరిగిన కుక్క మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అడవి జంతువు కాదు కాబట్టి అటవీ శాఖకి పట్టదు, పాలివ్వదు కాబట్టి పశుసంవర్ధక శాఖకీ పట్టదు.

నల్గొండ_నర్సిం
కాగితం వచ్చినా కష్టమే అన్నా. నా కథ వినండి. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై అని దేశీ కుక్క జాతుల పేర్లు చెప్పాడు కదా. నాకూ మస్తు ఊపొచ్చింది. మధ్యవర్తి ద్వారా ముధోల్ పిల్ల కొన్నా. సర్టిఫికెట్ అన్నాడు, రంగుల కాగితం ఒకటిచ్చాడు. పిల్ల పెరిగే కొద్దీ సన్నగా, పొడుగ్గా బాగానే అయ్యింది. ఆర్నెల్లకి మెడ కింద జూలు మొదలైంది. ఎనిమిది నెలలకి గడ్డం వచ్చింది. ఇప్పుడు దానికి నాకంటే మంచి గడ్డం.

డెల్టా_రాజు
దాన్ని 'గడ్డం హౌండ్' అని కొత్త జాతిగా నమోదు చేయించు నర్సిం.

నల్గొండ_నర్సిం
నవ్వండి. బంగారం లాంటి కుక్క అది, ఎవరికీ ఇయ్య. ముధోల్ కావాలంటే బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కేంద్రమే ఉందని, మధ్యవర్తి దగ్గరకి పోకుండా ముందు అక్కడ అడగాలని నాకు తర్వాత తెలిసింది. సైన్యం కూడా ముధోల్ పిల్లల్ని మీరట్ తీసుకుపోయి శిక్షణ ఇచ్చింది. కర్ణాటక వాళ్లు కనీసం ఒక కేంద్రం పెట్టుకున్నారు. మనకేముంది?

పత్తికొండ_పిల్లోడు
మనకి పందికోన కుక్క ఉంది కదన్నా. ఊరి పేరే దాని పేరు. కర్నూలు జిల్లా, మా పత్తికొండ మండలమే. మా పెద్దమ్మది ఆ ఊరు. ఊళ్లో పగలంతా కుక్కలు అరుగుల మీద పడి ఉంటాయి. చీకటి పడ్డాక కొత్త మనిషి ఆ వీధిలో అడుగు పెట్టలేడు. గొర్రెల దొడ్డికి ఒక కుక్క ఉంటే కాపరి నిశ్చింతగా నిద్రపోతాడు. చిన్నప్పుడు పెద్దమ్మ ఇంటికి పోతే బస్సు దిగి ఊరి మొదట్లో నిలబడి అరిచేవాణ్ణి. ఎవరైనా వచ్చి తీసుకుపోయేదాకా కదిలేది లేదు. సొంత పెద్దమ్మ ఇంటికి పోలీసు బందోబస్తు అన్నట్టు.

కానీ టీవీలో, యూట్యూబ్‌లో వచ్చాక కథ మారింది. బయటి నుంచి కార్లలో వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు. ఎవరైనా ఏది కొంటారు? ఈతలో బాగున్న పిల్లనే కదా. ఊళ్లో మిగిలేది రెండో రకం. పెద్దమ్మ ఒకటే మాట, "ఈ నీళ్లు దాటితే ఈ కుక్క కుక్క కాదు నాయనా" అని. నీళ్ల మహిమ సంగతి నాకు తెలియదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేస్తే ఏ కుక్క కుక్కలా ఉంటుంది చెప్పండి.

నిఖార్సు_నాయుడు
అందుకే అంటున్నా, బయటికి ఇవ్వకూడదు. ఊళ్లోనే, ఆ రక్తంలోనే పెంచాలి. కొంగ గారూ, మీకో సంగతి. మీ గవ్వ తల్లికి ముందు ఈతలో పుట్టిన మగది ఒకటి ఏలూరు దగ్గర నాకు తెలిసినాయన దగ్గరుంది. నేను కళ్లారా చూశాను. గుండె లోతు, చెవి మడత, తోక చుట్టు, నుదుటి ముడత, వంక పెట్టడానికి లేదు. అడ్రస్ మెసేజ్‌లో పెడతాను. ఇంతకంటే నిఖార్సైనది దొరకదు.

కైకలూరు_కొంగ
నాయుడు గారూ, ఇంత సహాయమా! ఈ ఆదివారమే వెళతా.

పశువైద్యురాలు_సుజాత
ఆగండి ఆగండి. ముందు ఈతలో పుట్టింది అంటే గవ్వకి అన్న.

డెల్టా_రాజు
మేనరికం అనుకున్నా, ఇది అంతకంటే దగ్గరైపోయింది.

నిఖార్సు_నాయుడు
డాక్టరమ్మా, జాతుల్ని అలాగే కదా నిలబెట్టారు? విదేశీ జాతులన్నీ దగ్గర సంబంధాలే. వేరే రక్తం కలిపితే అది జోనంగి ఎలా అవుతుంది?

పశువైద్యురాలు_సుజాత
నిలబెట్టారు, దాని ఫలితం ఇప్పుడు మా క్లినిక్‌లో క్యూ కడుతోంది. వివరంగా చెబుతాను.

ప్రతి కుక్కలోనూ బయటపడని లోపాలు కొన్ని దాగి ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పక్కలా అదే లోపం వస్తేనే పిల్లలో బయటపడుతుంది. అన్నాచెల్లెళ్లకి కడితే అలా కలిసే అవకాశం బాగా పెరుగుతుంది. ఒక్క ఈతకే కొంపలు మునగవు, పిల్లలు చక్కగానే కనిపించవచ్చు. ఆ పిల్లల్ని మళ్లీ వాటిలోనే కడతారు చూడండి, అక్కడ మొదలవుతుంది. ఈతకి పిల్లలు తగ్గుతాయి, పుట్టినవి నిలవవు, పార్వో లాంటి వైరస్ జబ్బు వస్తే తట్టుకోలేవు. వేలల్లో ఉన్న జాతికైతే కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. జోనంగి లాంటి కొద్దిపాటి జాతిలో ఒక అందమైన మగదాన్ని అందరూ వాడేస్తే మూడు తరాల్లో అన్నీ చుట్టాలే.

రాజపాళయం_రాజు
డాక్టర్ గారు చెప్పింది మా ఊళ్లో కళ్ల ముందు జరిగింది. తమిళనాడులో ఉంటున్నా ఇంట్లో మాది తెలుగే, తరాల కిందట ఆంధ్ర నుంచి వచ్చిన రాజులం. మా కుక్క అంటే పాలలా తెలుపు, గులాబీ ముక్కు, బంగారు కన్ను. ఈతలో మచ్చ పిల్ల పుడితే మా తాతల కాలంలో ఉంచేవాళ్లు కాదు. తెలుపు, తెలుపు, తెలుపు. ఆ తెలుపుతో పాటే చెవుడు వచ్చింది.

మా ఇంట్లో ఒకటి పుట్టింది. ఎంత అందమో చెప్పలేను. రెండు నెలలయ్యాక మా అమ్మ వంటింట్లో స్టీలు పళ్లెం జారవిడిచింది. ఏడు పిల్లల్లో ఆరు ఎగిరిపడ్డాయి, ఇది నిద్రపోతూనే ఉంది. వెనక నిలబడి చప్పట్లు కొట్టాం, గంట వాయించాం. ఊహూఁ. దాన్ని మేమే ఉంచుకున్నాం. పదకొండేళ్లు బతికింది. పిలవాలంటే నేల మీద కాలితో తట్టేవాళ్లం, ఆ అదురుకి లేచి వచ్చేది.

కైకలూరు_కొంగ
రాజు గారూ, ఆ చివరి వాక్యం చదివి గవ్వని పిలిచి చూశా. చెవులు బాగానే ఉన్నాయి. బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే పక్క వీధి నుంచి వినపడుతుంది.

ఓస్లో_ఓబులేశు
నార్వే నుంచి ఒక ముక్క. ఇక్కడ లుండెహుండ్ అని చిన్న కుక్క ఉంది, కాలికి ఆరు వేళ్లు. సముద్రం ఒడ్డున కొండచరియల పగుళ్లలో పఫిన్ పక్షులు గూళ్లు పెడతాయి. ఈ కుక్క ఆ పగుళ్లలోకి దూరి పక్షిని పట్టుకొచ్చేది. తర్వాత వలలొచ్చాయి. వల ఉండగా కుక్కని ఎవడు మేపుతాడు? బాతుల బాబాయ్ చెప్పిన కథే, ఊరు వేరు. పైగా డిస్టెంపర్ రోగం ఒకటికి రెండుసార్లు తుడిచిపెట్టింది. 1960ల్లో ఆరంటే ఆరు కుక్కలు మిగిలాయి. అందులో ఐదు ఒకే తల్లి పిల్లలు.

ఆ ఆరింటి నుంచే మళ్లీ పెంచారు, సంఖ్య పెరిగింది. కానీ జాతి మొత్తానికి పేగుల జబ్బు పట్టుకుంది, తిన్నది ఒంటికి పట్టదు. చివరికి వాళ్లే ఒప్పుకుని వేరే నార్డిక్ జాతుల రక్తం కలపడం మొదలుపెట్టారు, బుహుండ్ లాంటివి. నాయుడు గారూ, అంత పట్టుదల ఉన్న దేశమే దిగొచ్చింది.

నిఖార్సు_నాయుడు
వాళ్లకి పుస్తకాలున్నాయి, ఏ కుక్క ఏ తల్లి పిల్లో రాసుకున్నారు. లెక్క చూసి కలుపుతారు. మనకి లెక్కే లేదు. లెక్క లేనిచోట కలపడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుంది? రేపు గడ్డం జోనంగి వస్తుంది.

నల్గొండ_నర్సిం
నా కుక్కని మధ్యలోకి లాగకండి.

పశువైద్యురాలు_సుజాత
లెక్క గురించి నాయుడు గారు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో ఉంది. ఒంగోలు ఎద్దు, పుంగనూరు ఆవు, అన్నీ అక్కడ నమోదైనవే. కుక్కల్లో మొదట ఎక్కినవి రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. ఎక్కాలంటే ఎవరో ఒకరు ఊరూరా తిరిగి కుక్కల్ని లెక్కపెట్టాలి, ఎత్తు పొడుగు కొలవాలి, రంగులు రాయాలి, ఏం పని చేస్తున్నాయో రాయాలి. మీ ఏడు నెలల తిరుగుడులో ఎన్ని చూశారో, ఎక్కడెక్కడ చూశారో ఒక నోట్‌బుక్‌లో రాయండి కొంగ గారూ. కుచ్చుతోకవి కూడా రాయండి.

సందేహాల_సుబ్బు
మళ్లీ నోరు తెరుస్తున్నా. మా ఊళ్లో వీధి కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నారు. గట్టు మీద తిరిగే జోనంగిని పట్టుకెళ్లి చేసేస్తే?

పశువైద్యురాలు_సుజాత
ఇదీ మంచి ప్రశ్నే సుబ్బు గారూ. పట్టే మనిషికి తేడా తెలియదు, తెలియాలని అనలేం కూడా. ఆపరేషన్లు ఆపమనను, రేబిస్ ఉన్న దేశం ఇది. మీ కుక్క అయితే మెడకి పట్టీ, టీకా కార్డు, స్థానిక సంస్థలో నమోదు ఉండాలి. వదిలేసిన కుక్కని తర్వాత జాతి కుక్క అని వెతుక్కుంటే లాభం లేదు.

వేట_వీరయ్య
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్_2
కుందేళ్ల వేట వీడియో తీసేశాం. జాగిలం వేగం చూపించడానికైనా సరే, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. మళ్లీ పెడితే ఖాతా మూస్తాం. చర్చ కొనసాగించండి.

రాజపాళయం_రాజు
వీరయ్య గారి బాధ నాకు అర్థమవుతుంది. పరిగెత్తడానికి పుట్టిన కుక్కకి ఇప్పుడు పరిగెత్తే పని లేదు. మా వైపు తోటలకి కాపలా పెట్టుకున్నారు, అలా కొన్ని మిగిలాయి. 2005లో తపాలా శాఖ నాలుగు కుక్కలకి స్టాంపులు వేసింది, హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్, మా రాజపాళయం. ఆ స్టాంపు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం. కింద సోఫా మీద పడుకునేది మాత్రం మా చెల్లెలి పగ్.

డెల్టా_రాజు
ఈ థ్రెడ్‌లో ఇంతవరకూ అందరికంటే నిజాయితీపరుడు రాజు గారే.

బాతుల_బాబాయ్
కొంగా, ఏలూరు వెళ్లావా? వెళ్లకపోతే ఒక మాట. గుడివాడ వైపు దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు ఒకాయన ఇప్పటికీ మంద తిప్పుతున్నాడు, మూడువందల బాతులుంటాయి. ఆయన దగ్గర కుక్క ఉందని మా తమ్ముడు చెప్పాడు. చెవులు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. మందతో తిరుగుతోంది, అంతవరకు తెలుసు.

కైకలూరు_కొంగ
రెండు వారాలకి తేలింది, రాస్తున్నా.

ముందు ఏలూరు వెళ్లా. నాయుడు గారు చెప్పినట్టే, బొమ్మలా ఉంది. చూస్తే గవ్వ అన్నని గుర్తుపడుతుందేమో అనిపించింది, అంత పోలిక. ఫోటో తీసుకుని వచ్చేశా.

తర్వాత బాబాయ్ చెప్పిన మంద కోసం తిరిగా. మూడు రోజులు దొరకలేదు, మంద ఊరు మారుతూనే ఉంది. నాలుగో రోజు పొద్దున్న చేలో బాతుల తెల్లటి గీత కనపడింది. గట్టు మీద కుక్క. నల్లది, ఛాతీ మీద తెల్ల మచ్చ, ఎడమ చెవి కొస తెగి ఉంది. నుదుటి మీద ముడతలు ఒకటో రెండో. నాయుడు గారు చూస్తే పదికి నాలుగు మార్కులేస్తారు. నన్ను చూసి లేచి, తల పైకెత్తి రాగం తీసింది. గవ్వ రాగమే, కాస్త మగ గొంతులో. అప్పుడే పాతిక బాతులు బోదె వైపు మళ్లాయి. అది నన్ను వదిలేసి వెళ్లిపోయింది. సూటిగా కాదు. చుట్టూ తిరిగి, వంగి. బాబాయ్ రాసింది అచ్చం అలాగే.

అరగంట నిలబడిపోయా. ఆయన, "ఎవరండీ, గుడ్లకా?" అని అడిగాడు.

నిఖార్సు_నాయుడు
నాలుగు కాదు, ఐదేస్తాను. పనికి ఇంకో మూడు.

పశువైద్యురాలు_సుజాత
జత కట్టేముందు రెండింటికీ బ్రుసెల్లా (జతలో అంటుకునే జబ్బు) రక్తపరీక్ష చేయించండి, మర్చిపోవద్దు. గవ్వకి ఎద మొదలైన రోజు రాసి పెట్టుకోండి. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పరీక్ష చేస్తే సరైన రోజు తెలుస్తుంది, ఊహ మీద తిప్పక్కర్లేదు. పిల్లలు పుట్టాక ఎనిమిది వారాల లోపు ఎవరికీ ఇవ్వకండి, నిబంధన కూడా అదే.

పత్తికొండ_పిల్లోడు
మంద ఆయన డబ్బెంత అడిగాడు?

కైకలూరు_కొంగ
డబ్బు వద్దన్నాడు. ఒక ఆడపిల్ల ఇమ్మన్నాడు, మందకి. ఇంకో షరతు కూడా ఉంది, గవ్వనే అక్కడికి తీసుకురావాలట. కుక్క రెండు రోజులు కదిలితే బాతులు ఎవరు కాస్తారు అన్నాడు. సరే అన్నా.

బాతుల_బాబాయ్
మంద ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో నాకు మెసేజ్ పెట్టు. నేనూ వస్తా.

డెల్టా_రాజు
పెళ్లివారు బస్సు కట్టించుకుని బయల్దేరుతున్నారు. భోజనాల్లోకి బాతుగుడ్డు పులుసు ఉంటుందా?